ఫోను స్పీకర్లో ఉంది

పద్నాలుగు నెలల పాటు ప్రతి ఆదివారం పొద్దున పదకొండింటికి మా అమ్మమ్మకి ఫోన్ చేశాను. ఒక్క వారం కూడా తప్పలేదు. ఆ విషయంలో నా మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

"ఎట్టా ఉన్నావు అమ్మమ్మా?"
"బాగానే ఉన్నానయ్యా. నువ్వు తిన్నావా?"
"మందులు ఇస్తన్నారా?"
"ఇస్తన్నారు."
"తిండి?"
"బాగానే పెడతన్నారు."

నాలుగు నిమిషాలు. ఆ తర్వాత ఫోన్ పెట్టేసి నేను బిర్యానీ ఆర్డర్ చేసుకునేవాణ్ణి.

ఆ ఫోను అమ్మమ్మది కాదని, వృద్ధాశ్రమం వాళ్ళదని నాకు తెలుసు. దాన్ని స్పీకర్లో పెట్టి, మేనేజరుగారు చేత్తో పట్టుకుని పక్కనే నిలబడతారన్న సంగతి మాత్రం తెలీదు. ముసలావిడకి సరిగ్గా వినపడదు కదా, సాయం చేస్తున్నాం అంటారు వాళ్ళు. అదీ నిజమే. కానీ ఆ నాలుగు నిమిషాల్లో అమ్మమ్మ ఇంకేం చెప్పగలదు మీరే చెప్పండి!

మా పాత ప్రాజెక్టులో ఒక సర్వరు ఉండేది. ఓసారి అప్లికేషన్ హ్యాంగై మూడు గంటలైనా మానిటరింగ్ స్క్రీన్ మీద పచ్చగానే చూపించింది. తీరా చూస్తే మా స్క్రిప్టు ఐదు నిమిషాలకోసారి వెళ్ళి పలకరిస్తున్నది ఒక ఖాళీ పేజీని. ఆ పేజీ ఎప్పుడూ "బాగానే ఉన్నా" అనే అంటుంది. ఆ స్క్రిప్టు రాసింది నేనే. ఆదివారం ఫోన్లు కూడా నావే.

సరే, మొదట్నించీ చెప్తాను. మాది మాచర్ల దగ్గర పల్లెటూరు. మావయ్య డాలస్‌లో ఉంటాడు, అమ్మ నా దగ్గర హైదరాబాద్‌లో ఉంటూ ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్తుంది. తాతయ్య పోయాక అమ్మమ్మ ఊళ్ళో ఒక్కతే ఉండేది. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక మా మూడో అంతస్తు ఫ్లాట్‌కి తీసుకొచ్చాం. ఐదు నెలలుంది. పొద్దున్నే మేమిద్దరం తాళం వేసుకుని వెళ్ళిపోతే మళ్ళీ సాయంత్రం దాకా ఆవిడకి కిటికీలోంచి పక్క అపార్ట్‌మెంట్ గోడే కాలక్షేపం. "నన్ను మన వైపు ఎక్కడన్నా దించెయ్యండయ్యా" అంది ఒకరోజు.

"మన వైపు" అని బయల్దేరి నరసరావుపేట దాకా వచ్చి ఆగాం. ఎముకల డాక్టరు, మంచి హాస్పిటళ్ళు అక్కడ ఉన్నాయి, హైదరాబాద్ నుంచి బస్సు నేరుగా ఉంది. పట్నం బయట ఒక ప్రైవేటు ఆశ్రమం దొరికింది. పేరు చెప్పను, చెప్పి ప్రయోజనం కూడా లేదు, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. నెలకి 16 వేలు. సగం మావయ్య, సగం నేను. చేర్పించిన రోజు చూశాను: గదులు శుభ్రంగా ఉన్నాయి, వరండాలో వేప చెట్టు నీడ, గోడ మీద దేవుడి పటాలు. ఫైవ్ స్టార్ రివ్యూ కూడా రాశాను. రాసింది నేను, ఉండేది ఆవిడ!

కిందటేడు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకని ఫ్రెండ్స్‌తో వెళ్ళాను. మర్నాడు సాయంత్రం చెప్పా పెట్టకుండా ఆశ్రమానికి వెళ్ళాను, అమ్మమ్మని ఆశ్చర్యపరుద్దామని. దారిలో రెండు గోలీసోడాలు కొన్నాను. అదంటే ఆవిడకి చిన్నపిల్లలకి మల్లే ఇష్టం. తీసి చేతికిస్తే పక్కన పెట్టేసింది.

"ఇప్పుడొద్దయ్యా. నాలుగు దాటినాక నేనేం తాగను."

"ఏం? డాక్టరు చెప్పాడా?"

కాసేపు మాట్లాడలేదు. మేనేజరుగారు పనిమీద బయటికెళ్ళారేమో, చుట్టుపక్కల ఎవరూ లేరు. పక్క మంచం మీద ఉన్న పెద్దావిడ అందుకుంది: "ఎనిమిదింటికి బయట గడియ పెడతారు నాయనా. మళ్ళీ పొద్దున ఆరింటికే తీసేది. మధ్యలో లేస్తే మూలన బకెట్టే దిక్కు. మీ అమ్మమ్మకి అది నామోషీ. అందుకని నీళ్ళు మానేసింది."

పద్నాలుగు నెలలు. ఆ మధ్యలో రెండుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చిందని హాస్పిటల్ బిల్లు పంపిస్తే కట్టాను కూడా. వయసు మీద పడితే ఇవన్నీ మామూలే అనుకున్నాను.

నేను లేచి ఆఫీసు గది వైపు వెళ్ళబోతుంటే అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. "నువ్వేం అడగమాకయ్యా. నువ్వు రాత్రికి బస్సెక్కి పోతావు. నేనిక్కడే ఉండాల."

ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను.

నేను ఆగలేదు, అడిగాను. మేనేజరుగారు దుర్మార్గుడేం కాదు. రాత్రిపూట 31 మందికి ఒక్క ఆయా. ఇంతకు ముందు మతిమరుపున్న ఒక పెద్దాయన అర్ధరాత్రి లేచి రోడ్డెక్కేశాడట, ఇంకొంచెం ఉంటే లారీ కింద పడేవాడు. "ఆయన కొడుకు నా మీద కేసు పెడతానన్నాడు సార్. గడియ పెడితే మీరు అడుగుతున్నారు, పెట్టకపోతే ఆయన అడుగుతాడు" అన్నారు. తర్వాత మర్యాదగానే ఒక మాట అన్నారు: "మీకు ఇబ్బందిగా ఉంటే వేరేచోట చూసుకోండి సార్, మేమేం అనుకోం."

నా దగ్గర సమాధానం లేదు. వేరేచోటు లేదు. అసలు వేరేచోటు లేకే కదా అక్కడ చేర్చింది. హైదరాబాద్ బస్సులో పిడుగురాళ్ళ దాటేదాకా అదే ఆలోచన. చివరికి తేలిందేంటంటే, ఆవిడ "బాగానే ఉన్నా" అనడం మేనేజరుగారికి ఎంత అవసరమో నాకూ అంతే అవసరం. ఆవిడ బాగాలేనంటే నేనేదో ఒకటి చెయ్యాలి. అంటే స్పీకర్ ఫోనుకి రెండు చివర్లా ఉన్నది ఒకే రకం మనుషులన్నమాట.

డబ్బు కట్టేది ఒకరు, వాడుకునేది ఇంకొకరు అయినప్పుడు ఏమవుతుందో మన ఫీల్డులో వాళ్ళకి వివరించక్కర్లేదు. ఆఫీసులో లీవు అప్లై చేసే సాఫ్ట్‌వేరు ఎంత దరిద్రంగా ఉంటుందో చూస్తున్నాం కదా. కొనేది హెచ్ఆర్ వాళ్ళు, ఏడ్చేది మనం. కానీ మనం కనీసం క్యాంటీన్లో కూర్చుని తిట్టుకోగలం, విసుగొస్తే పేపర్లు వేసి పోగలం. ఎనభై ఏళ్ళ మనిషి, వాకర్ పట్టుకుని నడిచే మనిషి, పేపర్లు ఎక్కడ వెయ్యాలి?

రెండేళ్ళ క్రితం ఆరు నెలలు ఆన్‌సైట్‌కి ఒహాయో వెళ్ళాను. క్లయింటు టీములో ఒకాయన, యాభై దాటినవాడు, ఓ శనివారం నన్ను కారులో తిప్పుతూ మధ్యలో వాళ్ళమ్మ ఉన్న నర్సింగ్ హోముకి తీసుకెళ్ళాడు. లిఫ్టు పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం, మీద ఫోను నంబరు, "అంబుడ్స్‌మన్" అని రాసి ఉంది. మనకి ఆ మాట బ్యాంకుల వల్ల తెలుసు. బ్యాంకు వాడు అన్యాయంగా చార్జీలు కోస్తే ఫిర్యాదు చెయ్యడానికి రిజర్వు బ్యాంకు 1995లోనే అంబుడ్స్‌మన్ పద్ధతి పెట్టింది. ముసలివాళ్ళకీ ఒకడుంటాడని అప్పుడే చూశాను. అప్పట్లో పట్టించుకోలేదు. ఆ బస్సులో గుర్తొచ్చింది, ఇంటికొచ్చి చదివాను.

అమెరికాలో 1960ల తర్వాత నర్సింగ్ హోములు విపరీతంగా పెరిగాయి, వాటితో పాటు ఘోరాలు కూడా. 1972లో కొన్ని రాష్ట్రాల్లో ప్రయోగంగా ఈ అంబుడ్స్‌మన్ పద్ధతి మొదలుపెట్టారు. 1978లో చట్టం సవరించి ప్రతి రాష్ట్రంలోనూ ఉండి తీరాలన్నారు. దీంట్లో నాకు నచ్చినవి మూడు. ఒకటి, ఆ మనిషి పనిచేసేది అక్కడ ఉంటున్న వాళ్ళ తరఫున. యాజమాన్యం తరఫున కాదు, డబ్బు కట్టే కొడుకు తరఫున కూడా కాదు. రెండోది, ఫిర్యాదు చేసినవాళ్ళు ఒప్పుకోకుండా వాళ్ళ పేరు బయటపెట్టకూడదు. మూడోది, ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆఫీసులో కూర్చోరు, మామూలు రోజుల్లో కూడా వచ్చి గది గదికీ వెళ్ళి కూర్చుని కబుర్లు చెప్తారు. వీళ్ళలో శిక్షణ తీసుకున్న వాలంటీర్లు చాలామంది. ఇవి కాక, అక్కడ ఉండేవాళ్ళు ఒక సంఘంగా కూర్చుని మాట్లాడుకుంటామంటే చోటు ఇవ్వాలని కూడా కేంద్రం నియమం.

అదేదో స్వర్గం అని నేననట్లేదు. అంబుడ్స్‌మన్‌కి జరిమానా వేసే అధికారం లేదు, నచ్చజెప్పాలి, లేదంటే అధికారం ఉన్నవాళ్ళకి చెప్పాలి. 2020 మార్చిలో కోవిడ్ అని నర్సింగ్ హోముల తలుపులు మూసేసినప్పుడు వీళ్ళని కూడా లోపలికి రానివ్వలేదు, లోపల ఏం జరుగుతోందో చూసేవాళ్ళు సరిగ్గా ఆ టైములోనే లేకుండా పోయారు. అయినా సరే, లిఫ్టు పక్కన ఒక నంబరుంది.

మరి మన దగ్గర? తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో స్థాయి అధికారి దగ్గర ట్రిబ్యునల్లో అర్జీ పెట్టుకోవచ్చు. మన పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడ్డాక నరసరావుపేట, గురజాల, సత్తెనపల్లి మూడూ రెవెన్యూ డివిజన్లు. పెద్దవాళ్ళు స్వయంగా వెళ్ళలేకపోతే వాళ్ళు రాసిచ్చిన ఇంకో మనిషో, సంస్థో అర్జీ పెట్టొచ్చు. ఆస్తి రాయించుకుని చూడకపోతే, చూసుకోవాలనే షరతు మీద రాసిన రాతని రద్దు చేయించుకోవచ్చు. ఇవన్నీ మంచివే. కానీ ఇదంతా పిల్లలకీ తల్లిదండ్రులకీ మధ్య వ్యవహారం. డబ్బులు కట్టి ఉంటున్న చోట రాత్రి బయట గడియ పెడితే ఎవరికి చెప్పాలి? ఆ చట్టంలో ఆశ్రమాల గురించి ఉన్నది, జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, 150 మంది పేద వృద్ధులు ఉండేలా ప్రభుత్వం పెట్టవచ్చు అని. "పెట్టవచ్చు"!

ఈ లోటు ఢిల్లీలో ఎవరికీ తట్టలేదని కాదు. 2019 డిసెంబరులో ఆ చట్టానికి సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు. దాంట్లో ప్రైవేటువి సహా ఆశ్రమాలన్నీ రిజిస్టర్ అవ్వాలని, తిండికీ వసతికీ వైద్యానికీ కనీస ప్రమాణాలు ఉండాలని ఉంది. స్థాయీ సంఘానికి వెళ్ళింది, వచ్చింది, అంతే. 2024లో ఆ లోక్‌సభ కాలం ముగియడంతో బిల్లు కూడా మురిగిపోయింది.

పిల్లల హోములు చూడండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కనీసం మూడు నెలలకోసారి తనిఖీ కమిటీ వెళ్ళాలి, అందులో ఒక మహిళ, ఒక డాక్టరు ఉండాలి. జైళ్ళకి కూడా సందర్శకుల బోర్డు ఉంటుంది, అధికారులు కానివాళ్ళు కూడా వెళ్ళి ఖైదీలతో మాట్లాడొచ్చు. దొంగతనం చేసి లోపలున్నవాడికి ఉన్నపాటి పలకరింపు నెలకి 16 వేలు కట్టి లోపలున్న మా అమ్మమ్మకి లేదు.

లేకపోతే ఏమవుతుంది? 2020 జనవరిలో హైదరాబాద్ శివార్లలో, కీసర దగ్గర నాగారంలో ఒక ఆశ్రమం నుంచి పోలీసులు డెబ్భై మందికి పైగా బయటికి తీసుకొచ్చారు. కొందర్ని గొలుసులతో కట్టేశారని అప్పట్లో పేపర్లలో చదివాం. అది బయటపడింది తనిఖీ వల్ల కాదు, చుట్టుపక్కల వాళ్ళకి అరుపులు వినపడటం వల్ల. మా అమ్మమ్మ అరవదు. నీళ్ళు తాగడం మానేస్తుంది, అంతే.

14567 అని వృద్ధుల హెల్ప్‌లైను ఉంది, 2021 నుంచి దేశమంతటా పనిచేస్తోంది. న్యాయసేవల వాళ్ళది 15100. ఈ రెండు నంబర్లూ రాసిపెట్టుకోండి, నిజంగా పనికొస్తాయి. కాకపోతే ఫోను చెయ్యాలంటే ముందు చేతిలో ఫోను ఉండాలి కదా.

సరే, ప్రభుత్వం ఎప్పటికి చేస్తుందో అని కూర్చుంటే అమ్మమ్మకి అంత టైము లేదు. అదే ఆశ్రమంలో అమ్మానాన్నల్ని ఉంచిన ఇంకో ముగ్గుర్ని పట్టుకున్నాను. అందులో ఒకడు నా ఇంజనీరింగ్ క్లాస్‌మేటే. నలుగురం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఎవడి కోడ్ వాడే రివ్యూ చేసుకోకూడదన్న రూలే ఇది. నెలకొకరం చొప్పున వెళ్ళాలి, చెప్పకుండా వెళ్ళాలి, మనవాళ్ళ దగ్గర కాకుండా మిగతావాళ్ళ దగ్గర కూర్చోవాలి, పంక్తిలో వాళ్ళతో పాటు భోజనం చెయ్యాలి. వాళ్ళేం చెప్పినా వాళ్ళు సరేనంటే తప్ప మేనేజరుకీ చెప్పకూడదు, కన్నకొడుక్కీ చెప్పకూడదు.

భోజనం సంగతి అమ్మమ్మ ఆలోచనే. ఆవిడ మాచర్ల మనిషి, బ్రహ్మనాయుడు చాపకూడు కథ చెప్పకుండా అన్నం పెట్టేది కాదు చిన్నప్పుడు. కారంపూడి వీరుల తిరునాళ్ళకి వెళ్ళి కళ్ళారా చూసిన మనిషి. "పక్కన కూర్చుని తింటే గదయ్యా పప్పులో నీళ్ళెన్నో తెలిసేది" అంది.

మేనేజరుగారు మొదట మొహం ముడుచుకున్నారు. నలుగురం కలిసి అడిగేసరికి కాదనలేకపోయారు. ఆరునెలల్లో పెద్ద విప్లవాలేం రాలేదు. గడియ విషయం మాత్రం తేలింది, తేల్చింది కూడా మేం కాదు. రెండో నెల భోజనాల దగ్గర ఒక రిటైర్డ్ కండక్టరుగారు అన్నారు: "తాళం గేటుకి వేసుకోండి, మా గదులకెందుకు? వరండాలో లైటు ఆర్పకండి చాలు." అంతే. ఇన్నాళ్ళూ ఆ మాట వాళ్ళని ఎవరూ అడగలేదు. అమ్మమ్మ ఇప్పుడు సాయంత్రం ఆరింటికి కూడా మజ్జిగ తాగుతోంది. నంబర్లు పెద్దగా ఉండే చిన్న ఫోనొకటి కొనిచ్చాను, దిండు కింద పెట్టుకుంటుంది.

అసలు పరీక్ష నాలుగో నెల వచ్చింది. నా వంతు. నా క్లాస్‌మేట్ వాళ్ళమ్మ దగ్గర కూర్చున్నాను. పిన్ని బాగా మాట్లాడింది, కొంచెంసేపయ్యాక గొంతు తగ్గించి అంది: "గురజాల ఇల్లు అమ్మేస్తన్నారంట బాబూ. సంక్రాంతికి ఒక్కసారి తీసుకుపోతే, రెండు రోజులుండి వస్తా. వాడికి చెప్పమాక, బాధపడతాడు."

హైదరాబాద్ వచ్చాక వాడు ఫోన్ చేశాడు. "మా అమ్మ ఏమంది రా?" నోటి చివరిదాకా వచ్చింది. వాడు మంచివాడు, చెప్తే వెంటనే తీసుకెళ్తాడు కూడా. కానీ చెప్పొద్దంది. "బాగానే ఉంది రా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చేసరికి నాకే ఒళ్ళు జలదరించింది, అమ్మమ్మ మాట అది!

మరుసటి వారం పిన్నికే ఫోన్ చేసి అడిగాను, చెప్పనా, మీరు చెప్తారా, నేను పక్కనుండనా అని. మూడు రోజులు ఆలోచించి "నువ్వే చెప్పు" అంది. చెప్తే వాడికి కోపమొచ్చింది. "మా అమ్మ నాకు చెప్పకుండా నీకెందుకు చెప్పింది?" రెండు వారాలు మాట్లాడలేదు. సంక్రాంతికి మాత్రం గురజాల తీసుకెళ్ళాడు, ఫోటోలు పంపాడు, మెట్ల మీద పిన్ని కూర్చుని ఉంది. ఇల్లు అమ్మారు, అది వాళ్ళ అవసరం, అందులో నేను చెప్పేదేం లేదు.

ఇప్పుడు అసలు బాధ చెప్తాను. మా నలుగురి మాట ఆయన వింటున్నది మేం నెలకి 64 వేలు కడుతున్నాం కాబట్టి. అదే ఆశ్రమంలో వెనక గదిలో ముగ్గురు ముసలివాళ్ళున్నారు, ఎవరూ లేరని పుణ్యానికి ఉంచుకున్నారు. 2024 జులై నుంచి పింఛను నాలుగు వేలయింది, నెల మొదట్లో వేలిముద్ర వాళ్ళు వేస్తారు, డబ్బు ఆఫీసు గదికి వెళ్తుంది. అది న్యాయమా కాదా అన్నది అటుంచండి, లెక్క అడగడానికి వాళ్ళకి ఎవరున్నారు? మేం అడిగితే "మీకేంటి సంబంధం సార్?" అన్నారు. నిజమే, ఏ సంబంధమూ లేదు. ఏ సంబంధమూ లేని మనిషికి వెళ్ళి అడిగే హక్కు ఉండాలనే కదా నేననేది. అది మా నలుగురి మంచితనంతో రాదు, చట్టంలో ఉండాలి. అందుకే ఆ ఆశ్రమం పేరు చెప్పలేదు. అక్కడ మా నలుగురం ఉన్నాం. ఎవరూ లేని చోట్లు ఎన్నున్నాయో.

మీ నాయనమ్మో, మీ అమ్మో ఇలాంటి చోట ఉంటే రెండు పనులు చెయ్యండి. ఈసారి ఫోన్ చేసినప్పుడు స్పీకర్లో ఉందా అని అడగండి. తర్వాత మీ ఊళ్ళో ఖాళీగా ఉన్న ఒక స్నేహితుణ్ణి, మీ చుట్టం కానివాణ్ణి, చెప్పకుండా ఒక పూట అక్కడ భోజనానికి పంపండి. వాడొచ్చి మీకేం చెప్పకపోయినా కోప్పడకండి.

వచ్చే నెల మళ్ళీ నా వంతు. ఈసారి వెనక గదిలో కూర్చుంటాను.